అమాల్ఫీ తీరం: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో అయిదు రోజులు

మీ ప్రశ్న రెండు సార్లు చదివానండీ. మే చివరి వారంలో విజయవాడ నుంచి అయిదుగురు వస్తున్నారు: మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, అమ్మగారు, నాన్నగారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లిద్దరూ గుడ్డు కూడా ముట్టరు. రోమ్ అయ్యాక, ఇటలీలో నేపుల్స్‌కి దక్షిణాన ఉన్న అమాల్ఫీ తీరానికి అయిదు రోజులు పెట్టుకున్నారు. అక్కడి పోజిటానో అనే ఊళ్లో హోటల్, అద్దె కారు, రోజుకి రెండు ఊళ్లు. "ఇది కుదురుతుందా, ఏమైనా మార్చాలా?" అన్నారు.

కుదురుతుంది. కాకపోతే హోటల్ మార్చాలి, కారు మానెయ్యాలి, ఊళ్లు తగ్గించాలి. అంటే తేదీలు తప్ప అన్నీ మారుస్తున్నానన్నమాట, ఏమీ అనుకోకండి.

మేం రోమ్‌లో ఉండబట్టి పన్నెండేళ్లయింది. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా కొలోసియం ఒక రోజు, వాటికన్ ఒక రోజు అయ్యాక "ఆ ఫొటోల్లో కొండ మీద రంగురంగుల ఇళ్లుంటాయే, ఆ ఊరికి తీసుకెళ్లవా?" అని అడుగుతారు. అలా తొమ్మిది సార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి సరిగ్గా మీ ప్లానే వేశాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. అప్పుడు మా అత్తగారు మాతో ఉన్నారు. పోజిటానోలో తీసుకున్న హోటల్ వాళ్లు "సముద్రానికి అయిదు నిమిషాల నడక" అని రాసుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు, దిగడానికి అయిదు నిమిషాలే. ఎక్కడానికి మాత్రం రెండు వందల నలభై మెట్లు. మా అబ్బాయి లెక్కపెట్టాడు. రెండు పెద్ద సూట్‌కేసులు మోసుకుంటూ మా వారు, సగంలో మెట్టు మీద కూర్చుండిపోయి "అలిపిరి ఎక్కితే చివర స్వామి అయినా కనిపిస్తాడే" అని మా అత్తగారు. ఆ రాత్రి ఆవిడ భోజనానికి కూడా కిందికి దిగలేదు.

ఈ తీరంలో ఒక్క సంగతి ముందే అర్థం చేసుకుంటే మిగతా నిర్ణయాలన్నీ సులువైపోతాయి. ఈ ఊళ్లు రోడ్డు కోసం కట్టినవి కావు. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే ఆ వంకరటింకర కొండ రోడ్డు, 163వ నంబరు రాష్ట్ర రహదారి, 19వ శతాబ్దంలో నేపుల్స్ రాజ్యాన్ని ఏలిన బూర్బన్ రాజుల కాలంలో వేసింది. అంతకుముందు వెయ్యేళ్లపాటు ఇక్కడ రెండే దారులు. సముద్రం మీద పడవ, కొండ మీద కంచర గాడిదల మెట్లు. అందుకే ప్రతి ఊరూ ముఖం సముద్రం వైపు పెట్టి, వీపు కొండకి ఆనించి కూర్చుంటుంది. రోడ్డు మీంచి చూస్తే గోడలూ, సొరంగాలూ, ముందున్న బస్సు వెనక అద్దం కనిపిస్తాయి. పడవలోంచి చూస్తే ఊరు ఊరంతా ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడుతుంది. కాబట్టి పడవల మీద తిరగండి. అమ్మగారి మోకాళ్లకీ అదే మేలు.

ఇక బస. సలెర్నోలో ఉండండి. ఇది ఈ తీరానికి తూర్పు చివర ఉన్న మామూలు పట్నం. రోమ్ నుంచి వేగంగా వెళ్లే రైలు నేరుగా వస్తుంది, దాదాపు రెండు గంటల ప్రయాణం. స్టేషన్ నుంచి పియాజ్జా దెల్లా కొంకోర్దియా అనే పడవల రేవుకి అయిదారు నిమిషాల నడక, అదీ సమతలం మీద. లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్ దొరుకుతుంది. పోజిటానోలో ఒక రాత్రికి పెట్టే డబ్బుతో ఇక్కడ మంచి ఇల్లు రెండు మూడు రాత్రులకి వస్తుంది. "సలెర్నోలో ఉంటే ఆ అందం ఏముంది?" అని మీ ఆవిడ అడగొచ్చు. పొద్దున్నే పడవెక్కితే ముప్పై అయిదు నిమిషాల్లో అమాల్ఫీ, ఇంకాసేపట్లో పోజిటానో. అందం దగ్గరికి మీరు వెళ్తారు, దాని మెట్ల మీద కాపురం పెట్టక్కర్లేదు.

వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే ఒక జాగ్రత్త. ఇటలీలో మామూలు ఇళ్లకి మూడు కిలోవాట్ల కరెంటు కనెక్షనే ఉంటుంది. కరెంటు పొయ్యి మీద అన్నం పెట్టి, పక్క గదిలో ఇస్త్రీ పెట్టె, ఇంకో గదిలో ఏసీ వేశారా, టప్పున అంతా ఆరిపోతుంది. ఇంటావిడకి ఫోన్ చేసి కంగారు పడకండి, తలుపు దగ్గర ఉండే స్విచ్ మళ్లీ పైకి ఎత్తితే చాలు. ఇంకోటి, ఇండక్షన్ పొయ్యి అయితే మన అల్యూమినియం కుక్కర్ పనిచెయ్యదు. ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీలుది తెచ్చుకోండి.

కారు ఎందుకు వద్దంటున్నానో కూడా చెబుతాను. శ్రీశైలం ఘాట్‌లో నడిపిన అనుభవం ఉందని రాశారు. ఘాట్ అంటే భయం లేకపోవచ్చు, ఇక్కడి బాధ మలుపులది కాదు. రోడ్డు వెడల్పు తక్కువ, ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తీసుకోవాలి. సీజన్‌లో రద్దీ రోజుల్లో కారు నంబరు సరి బేసి బట్టి పగటిపూట ఆ రోడ్డు మీదికి రానిచ్చే నియమం 2022 నుంచి ఉంది, అద్దె కార్లకీ వర్తిస్తుంది. మీరొచ్చే తేదీలకి ఉందో లేదో చూసుకోవాల్సి వస్తుంది. అన్నీ దాటుకుని ఊరు చేరితే బండి పెట్టడానికి చోటుండదు, ఉన్న చోట గంటకి ఇంత అని గుంజుతారు. పైగా నడిపేవాడు సముద్రం చూడడు. మీరొక్కరే డ్రైవర్ కదా, అయిదు రోజులూ ముందున్న బండి నంబరు ప్లేటు చూస్తూ గడుపుతారా?

పడవల సంగతి. సుమారుగా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి, మే చివరికి పూర్తిగా మొదలై ఉంటాయి. సలెర్నోలో బయల్దేరి పడమరగా వెళ్తాయి కాబట్టి తీరం మీ కుడి చేతి వైపు ఉంటుంది. పైన డెక్ మీద కుడివైపు సీట్లు పట్టుకోండి, సాయంత్రం వచ్చేటప్పుడు ఎడమవైపు. పెట్టెలకి విడిగా డబ్బులు తీసుకుంటారు. రెండు విషయాలు మర్చిపోకండి. సముద్రం కాస్త పొంగితే పడవలు రద్దు చేస్తారు, ఆ రోజు బస్సే గతి. సాయంత్రం చివరి పడవ మనం అనుకున్నంత ఆలస్యంగా ఉండదు. దిగగానే తిరుగు పడవ ఎన్నింటికో బోర్డు ఫొటో తీసుకోండి. ఒకసారి నేను "ఎనిమిదింటికి ఉంటుందిలే" అని ధీమాగా అమాల్ఫీలో ఐస్‌క్రీం తింటూ కూర్చుని, తర్వాత కిక్కిరిసిన బస్సులో గంటన్నర నిలబడి వచ్చాను.

బస్సెక్కాల్సి వస్తే టికెట్ ముందే కొనాలి. పెద్ద "టి" అక్షరం బోర్డున్న పొగాకు దుకాణాల్లో అమ్ముతారు. ఎక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. సలెర్నో నుంచి వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు. పాపకి కడుపులో తిప్పే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి, నోట్లో ఉసిరి ముక్క వెయ్యండి. "షోపెరో" అనే మాట కనిపిస్తే సమ్మె అని అర్థం. ముందుగానే ప్రకటిస్తారు, ముందు రోజు రాత్రి ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఊళ్లు. మొదటి రోజు రైలు దిగి ఇల్లు సర్దుకుని సాయంత్రం సలెర్నో పాత పేటలో నడవండి. చాలామంది ఈ ఊరిని రేవుగా వాడుకుని పోతారు గానీ, మధ్యయుగంలో యూరప్ మొత్తానికీ పేరుమోసిన వైద్య విద్యాలయం ఉన్నది ఇక్కడే. దాన్ని ఒక లాటిన్, ఒక గ్రీకు, ఒక యూదు, ఒక అరబ్బు వైద్యులు కలిసి పెట్టారని కథ చెబుతారు. కథే కావచ్చు గానీ, ఆ నాలుగు చోట్ల వైద్యమూ ఇక్కడ కలిసిన మాట నిజం. త్రోతా అనే స్త్రీ 12వ శతాబ్దంలో ఇక్కడ వైద్యం చేసింది, స్త్రీల రోగాల మీద ఆమె పేరుతో వచ్చిన గ్రంథాలు శతాబ్దాలపాటు చదివారు. కొండ మీద మినర్వా తోట అని ఔషధ మొక్కల తోట ఉంది, 14వ శతాబ్దం మొదట్లో మత్తేయో సిల్వాతికో అనే వైద్యుడు విద్యార్థులకి మొక్కలు చూపించి పాఠం చెప్పిన చోటు. నాన్నగారు ఆయుర్వేదం మీద ఆసక్తి ఉన్నవారని రాశారు కదా, ఆయనకి నచ్చుతుంది. కాస్త ఎత్తు ఎక్కాలి, అమ్మగారిని కింద కెథెడ్రల్ (పెద్ద చర్చి) వసారాలో కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్లిరండి. ఆ వసారా స్తంభాలు పాత రోమన్ కట్టడాల నుంచి పీక్కొచ్చి నిలబెట్టినవి, ఒకదానికొకటి పోలిక ఉండదు. అమ్మగారికి పొద్దుపోతుంది.

రెండో రోజు అమాల్ఫీ. దీనికి పూర్తి రోజు ఇవ్వండి. ఇప్పుడు చూస్తే అయిదు వేల జనాభా కూడా ఉంటారా అనిపించే ఊరు, కానీ 839లో స్వతంత్రమై కాన్‌స్టాంటినోపుల్‌తో, ఈజిప్టుతో వ్యాపారం చేసిన ఓడల రాజ్యం ఇది. వెనిస్, జెనోవా, పీసాలతో సమానంగా పేరు చెప్పుకునేవారు. దీని సముద్ర చట్టాలు ఈ సముద్రంలో చాలాకాలం చెల్లాయి. జెరూసలేం యాత్రికుల కోసం సత్రం, ఆసుపత్రి కట్టించింది అమాల్ఫీ వర్తకులే. తర్వాత పీసా వాళ్లు 1130లలో రెండు సార్లు వచ్చి దోచారు. మిగిలింది 1343 నవంబరులో సముద్రం తీసుకుపోయింది. పెద్ద తుపాను, ఉప్పెన, ఊరి కింది భాగం రేవుతో సహా నీళ్లలో కలిసిపోయింది. దివిసీమ ఉప్పెన గుర్తున్న మనవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు. రేవు చౌరస్తాకి దగ్గర్లో పాత ఓడల కార్ఖానా ఉంది, రాతి కమానులు వరసగా వెళ్లి సముద్రం వైపు ఠక్కున ఆగిపోతాయి. మిగతా సగం నీళ్ల కింద ఉంది. అది చూశాక, ఇంత చిన్న ఊరికి అంత పెద్ద గుడి ఎందుకుందో పాపకి చెప్పడం తేలికవుతుంది.

ఆ గుడి సెయింట్ ఆండ్రూ కెథెడ్రల్. అరవై రెండు మెట్లు. అమ్మగారు ఎక్కగలిగితే ఒక్కసారే, నెమ్మదిగా, ఎందుకంటే పైన అన్నీ ఒకేచోట ఉన్నాయి. కంచు తలుపులు 1066కి ముందే కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోయించి ఓడలో తెప్పించినవి, ఇటలీలో అలాంటి వాటిలో మొదటివి. పక్కన "స్వర్గపు వసారా" అనే 13వ శతాబ్దపు ఆవరణలో సన్నని జంట స్తంభాల మీద అరబ్బు తరహా కమానులు ఒకదాన్నొకటి అల్లుకుంటూ పోతాయి. చర్చి ముందు భాగం మాత్రం పాతది కాదు. 1861లో కూలితే మళ్లీ కట్టి 1891లో పూర్తిచేశారు. గైడ్లు ఆ సంగతి గట్టిగా చెప్పరు. భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, చీరకీ పంజాబీ డ్రెస్‌కీ ఏ ఇబ్బందీ లేదు, షార్ట్స్ వేసుకున్న మగవాళ్లనే తలుపు దగ్గర ఆపుతారు.

దిక్సూచి కనిపెట్టాడని రేవు దగ్గర ఫ్లావియో జోయా అనే ఆయన విగ్రహం ఉంటుంది. అలాంటి మనిషి బహుశా ఎప్పుడూ లేడు. ఫొటో దిగండి, పాపకి పరీక్షలో రాయమని మాత్రం చెప్పకండి.

పాప కోసం తప్పకుండా చూడాల్సింది కాగితం మ్యూజియం. ప్రధాన వీధి వెంట పైకి వెళ్తే ఊరి చివర ఉంటుంది, ఎత్తు మెల్లగా పెరుగుతుంది, మెట్లు లేవు. అరబ్బుల దగ్గర నేర్చుకున్న ఈ పనిని ఇక్కడ మధ్యయుగం నుంచీ చేస్తున్నారు. 1231లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి సర్కారు దస్తావేజులు కాగితం మీద రాయకూడదు, తోలు మీదే రాయాలని ఆజ్ఞ వేశాడంటే అప్పటికే ఎంతగా వాడుతున్నారో ఊహించండి. పాత మిల్లులో నీటి చక్రం తిప్పగానే కొయ్య సమ్మెటలు ఒకదాని తర్వాత ఒకటి లేచి రాతి తొట్టిలో పడతాయి. మన ఊళ్లలో అటుకుల రోకళ్ల చప్పుడే. వాటి చివర్న ఇనప మేకులు, తొట్టిలో పాత నూలు గుడ్డలు. ఆ గుడ్డలు నలిగి నలిగి గంజిలా అవుతాయి. తర్వాత పిల్లల చేతికి తీగల చట్రం ఇస్తారు. దాన్ని ఆ తెల్లటి నీళ్లలో ముంచి సమంగా పైకి తియ్యాలి, అదొక్కటే పని, అదే చేతకాదు. మా అమ్మాయి మూడు సార్లు ముంచింది. మొదటిసారి ఒక పక్క దళసరి, రెండోసారి నడుమ చిల్లు. మూడోసారి చట్రం ఎత్తి ఊపిరి బిగబట్టి నిలబడింది, నీళ్లు కారిపోయి పల్చటి మీగడలా పొర మిగిలింది. దాన్ని ఉన్ని గుడ్డ మీద బోర్లిస్తే కాగితం. వెలుతురుకి పట్టి చూస్తే నీటి ముద్ర కనిపించింది. ఆ కాగితం మీద ఇప్పటిదాకా ఏమీ రాయనివ్వలేదు. ఒకప్పుడు ఈ లోయలో వరసగా ఇలాంటి మిల్లులుండేవి, 1954 వరదతో చాలావరకు పోయాయి.

సాయంత్రం పడవకి ముందు గంట టైముంటే పక్కనే ఉన్న అత్రానీకి నడవండి, పది నిమిషాలు. విస్తీర్ణంలో ఇటలీ మొత్తానికీ అతి చిన్న మునిసిపాలిటీ ఇది, 0.12 చదరపు కిలోమీటర్లు. ఒక చౌరస్తా, ఒక చర్చి, పిల్లలు బంతాట. కాఫీ తాగండి. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర, ఇటలీలో ఎక్కడైనా అంతే.

మూడో రోజు రవెల్లో. అమాల్ఫీ దాకా పడవ, అక్కణ్ణుంచి పైకి బస్సు, అరగంట లోపే. సముద్రానికి దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత పైన ఊరెందుకు కట్టుకున్నారంటే సముద్రపు దొంగల భయం ఒకటి, డబ్బున్న అమాల్ఫీ వర్తకుల దర్జా ఒకటి. నా ఓటు అడిగితే ఈ తీరంలో అన్నిటికంటే అందమైన చోటు ఇదే, పోజిటానో కాదు. పైగా పెద్దవాళ్లకి హాయి. బస్సు దిగి చిన్న సొరంగం దాటితే చౌరస్తా, దాదాపు సమతలం. విల్లా రూఫోలో అనే పాత భవనం తోటలోంచి కిందికి చూస్తే జంట గుమ్మటాల చర్చి, దాని వెనక సముద్రం. జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ 1880లో ఇక్కడికొచ్చి, తను రాస్తున్న సంగీత నాటకంలోని మాయతోట దొరికిందని సంబరపడ్డాడు. ఆ గుర్తుగా 1953 నుంచి ఈ తోటలో సంగీతోత్సవం చేస్తున్నారు, కొండ అంచున వేదిక కట్టి.

అందరూ తోటకే పోయి ఎదురుగా ఉన్న కెథెడ్రల్ వదిలేస్తారు. దయచేసి లోపలికి వెళ్లండి. 1272లో చేసిన పాలరాతి ప్రవచన వేదిక ఉంది, ఆరు మెలిదిరిగిన స్తంభాలు, ఒక్కొక్కటీ ఒక సింహం వీపు మీద. ఆ సింహాలు ఊరికే కూర్చుని లేవు, నడుస్తున్నట్టు ఉంటాయి. ఒకదాని ముఖంలో విసుగు, ఒకదానికి పళ్లు బయటికి. "ఇంత బరువు ఎన్నాళ్లు మొయ్యాలిరా బాబూ" అన్నట్టున్నాయని మా అత్తగారు ఒక్కోదాని తలా నిమిరినంత పని చేశారు. విల్లా చింబ్రోనెలో "అనంత వసారా" అని పాలరాతి విగ్రహాల వరస ఉంటుంది, చాలా బాగుంటుంది. కానీ పావుగంట నడక, ఎక్కుడూ దిగుడూ ఉంది, అమ్మగారి ఓపిక చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో పడవ మినోరీ, చెతారా రేవుల్లో ఆగేదైతే మినోరీలో దిగొచ్చు. ఊరి నడుమ ఒకటో శతాబ్దపు రోమన్ విల్లా ఉంది, ఇళ్ల మధ్య గుంటలో. మినోరీ, మయోరీల మధ్య నిమ్మతోటల బాట ఉంది. కొండంతా రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా చేసిన మడులు, పైన చెస్ట్‌నట్ కర్రల పందిళ్లు. ఒకప్పుడు ఆడవాళ్లు యాభై కిలోలకి పైగా నిమ్మకాయల బుట్టలు భుజాన వేసుకుని ఈ మెట్లు దిగి రేవుకి చేర్చేవారు. వాళ్లని "ఫొర్మికెల్లె" అనేవారు, చిట్టి చీమలు అని. ఈ నిమ్మకాయ మన నిమ్మకాయలా ఉండదు, దబ్బకాయకి చుట్టంలా కోలగా, మొన తేలి, అరచేయంత ఉంటుంది. తొక్క కింద తెల్లటి దళం చేదుండదు, తియ్యగా కరకరలాడుతుంది. ముక్కలు కోసి ఉప్పు చల్లుకుని తొక్కతో సహా తింటారు. మీరు కాస్త కారం కూడా పొట్లం కట్టి తెచ్చుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

పోజిటానో నాలుగో రోజు, ఒక పూట చాలు. నిజం చెప్పాలంటే ఆ ఊరి అసలు దృశ్యం పడవ రేవుకి చేరే ఆఖరి పది నిమిషాలే. ఫోన్ చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. దిగాక బీచ్, దాని వెనకే పచ్చ పసుపు పెంకుల గుమ్మటమున్న చర్చి, ఆ చర్చి కింద ఒక రోమన్ విల్లా. సా.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద కింద పూడుకుపోయి, ఈ మధ్య 2018లో జనానికి తెరిచారు. గోడ మీద రంగులు నిన్న వేసినట్టున్నాయి. లోపలికి కొద్దిమందినే పంపుతారు, ముందే టికెట్ తీసుకోండి. ఆ తర్వాత దుకాణాలు, మళ్లీ దుకాణాలు. బీచ్‌లో ఇసుక ఉండదు, గులకరాళ్లు, రబ్బరు చెప్పులు తెచ్చుకోండి. గొడుగులూ మంచాలూ ఉన్న చోట డబ్బు కట్టాలి, "స్పియాజ్జా లీబెరా" అని రాసి ఉన్న చోట ఉచితం. మేలో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి, పిల్లలకి పట్టదనుకోండి. "దేవతల బాట" అనే కొండ నడక గురించి అడిగారు. బొమెరానో నుంచి నొచెల్లె దాకా ఆరేడు కిలోమీటర్లు, అద్భుతమే, కానీ చివర్న పోజిటానోకి పదిహేను వందల మెట్లు దిగాలి. మీరూ మీ ఆవిడా వెళ్లాలనుకుంటే పెద్దవాళ్లనీ పాపనీ ఆ రోజు సలెర్నోలో ఉంచండి. ఈ ట్రిప్పులో కాకపోతే మానేసినా నష్టం లేదు.

అయిదో రోజు పేస్తుమ్. దీన్ని మీ జాబితాలో చూడలేదు, ఎలాగైనా చేర్చండి. సలెర్నో నుంచి దక్షిణంగా రైల్లో అరగంట పైచిలుకు. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకులు పెట్టిన పట్నం, మూడు పెద్ద గుళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. గ్రీసులో కూడా ఇంత నిండుగా మిగిలినవి తక్కువ. అంతా సమతలం, గడ్డి మైదానం, జనం తక్కువ. అమ్మగారికి అయిదు రోజుల్లో ఇదే తేలికైన రోజు. మ్యూజియంలో 1968లో దొరికిన సమాధి పలక ఒకటి చూడండి, దాదాపు రెండున్నర వేల ఏళ్లనాటిది. ఒక కుర్రాడు గాల్లోంచి నీళ్లలోకి దూకుతుంటాడు, అంతే బొమ్మ. చుట్టూ ఉన్న పొలాల్లో గేదెలుంటాయి, మన గేదెలే, బురదలో మునిగి చెవులు ఆడిస్తూ. మొజరెల్లా అనే జున్ను వీటి పాలతోనే చేస్తారు, చేసిన రోజే తినాలి. ఇంత దూరం వచ్చి గేదెపాలు దొరికాయని నాన్నగారు టీ పెట్టించమంటే ఆశ్చర్యపోకండి, మా మావయ్యగారు అదే అన్నారు.

అదే అగ్నిపర్వతం బూడిదలో పూడుకుపోయిన రోమన్ పట్నం పాంపేయ్ ఎందుకు పెట్టలేదంటారా? ఎండలో, నీడలేని చోట, రెండు వేల ఏళ్ల రాళ్ల మీద అమ్మగారిని నడిపించడం నాకిష్టం లేదు. బదులుగా రోమ్‌కి తిరిగి వెళ్లే రోజు నేపుల్స్‌లో దిగి పురావస్తు మ్యూజియం చూడండి, మంగళవారం సెలవు. పాంపేయ్‌లో దొరికిన గొప్ప వస్తువుల్లో చాలావరకు అక్కడే ఉన్నాయి. అందులో మనకి చుట్టం లాంటిది ఒకటుంది. పావు మీటరు ఎత్తు దంతపు బొమ్మ, 1938లో పాంపేయ్‌లో ఒక ఇంట్లో దొరికింది. ఒంటి నిండా నగలు, ఇద్దరు చెలికత్తెలు, చూడగానే మన శిల్పమని తెలిసిపోతుంది. "పాంపేయ్ లక్ష్మి" అంటారు, యక్షి అని కొందరి వాదన. ఇలాంటి బొమ్మలు మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో, అంటే శాతవాహనుల ఏలుబడిలో ఉన్న ఊళ్లలో తవ్వకాల్లో దొరికాయి. ఆ అగ్నిపర్వతం పేలక ముందే, అక్కడి దాకా మన దంతం పని ఓడ ఎక్కి వెళ్లిందన్నమాట. దాన్ని రహస్య గదిలో, శృంగార శిల్పాలతో పాటు పెట్టారు, పాపతో వెళ్తున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. నేపుల్స్ లోకల్ రైళ్లలో పర్సులు జాగ్రత్త.

తిండి. మీరు భయపడినంత కష్టం లేదు. "సెన్‌త్సా కార్నె, సెన్‌త్సా పేషే, సెన్‌త్సా వోవా" అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. అసలు ప్రమాదం మాంసంతో కాదు, నెత్తళ్ల లాంటి చిన్న చేపలతో. చెతారాలో వాటిని ఉప్పులో ఊరబెట్టి రసం తీస్తారు, "కొలతూరా" అని, రోమన్ల కాలపు చేప రసానికి వారసురాలు. ఊరికే కూర మీద రెండు చుక్కలు వేస్తారు, పైకి కనిపించదు. అందుకని "అచ్చూగె" ఉందా అని విడిగా అడగండి. ఎండు స్పగెట్టీలో గుడ్డుండదు, తాజా పాస్తాలో ఉండొచ్చు. టమాటా స్పగెట్టీ, వెల్లుల్లి నూనె ఎండుమిర్చి స్పగెట్టీ ఎక్కడైనా చేస్తారు. రెండోది అడిగినప్పుడు కారం ఎక్కువ వెయ్యమంటే వంటవాళ్లు సంతోషిస్తారు. పిజ్జాలో "మరినారా" పేరు చూసి చేప అనుకోకండి, అందులో టమాటా, వెల్లుల్లి, వాము లాంటి ఆకు తప్ప జున్ను కూడా లేదు. జున్నుల్లో చాలావాటికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, పెద్దవాళ్లకి పట్టింపు ఉంటే మరినారానే దిక్కు. నిమ్మ కేకుల్లో గుడ్డు ఉంటుంది, నిమ్మ గ్రానీతా (నిమ్మరసంతో చేసే మంచు తురుము) మంచిది. మధ్యాహ్నం మూడింటికి వంటిళ్లు మూసేస్తే మళ్లీ రాత్రి ఏడు దాటాకే, కాబట్టి ఒంటిగంటకే కూర్చోండి. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి ఇంత అని వేస్తారు, మోసం కాదు, అక్కడి పద్ధతి.

తేదీల గురించి ఒకటే మాట. జూన్ 2 వాళ్ల గణతంత్ర దినం. దానికి వారాంతం కలిస్తే ఇటలీ సగం ఈ తీరానికే వస్తుంది. వీలుంటే మీ అయిదు రోజులు మే 30 లోపే ముగిసేట్టు ఒకటి రెండు రోజులు ముందుకు జరపండి, రోమ్ తర్వాత చూడొచ్చు.

చివర్న ఇంటికి ఏం తేవాలని అడిగారు. వియెత్రి అనే ఊళ్లో చేతితో రంగులద్దిన పింగాణీ పళ్లేలు బాగుంటాయి, సలెర్నో పక్కనే. అమాల్ఫీ కాగితం బరువుండదు. నిమ్మకాయలు కూడా తేవాలని అమ్మగారికి తప్పకుండా అనిపిస్తుంది, మా అత్తగారికీ అనిపించింది. రోమ్‌లో మా ఇంటికి తెచ్చి ఆరు కాయలు ఊరగాయ పెట్టారు. ఆ దళం అంత త్వరగా ఊరదు. ఆవిడ ఇండియా వెళ్లిపోయిన రెండు నెలలకి గానీ ముక్క మెత్తబడలేదు, రోజూ ఫోన్లో "కలిపావా?" అని అడిగేవారు.